తెరమీది బంతియాట: గుణదోష విచారము

విమర్శ యనగా గ్రంథవిమర్శయే యని మనవారిలో నొక భావము స్థిరపడియున్నది. కావ్యము, నాటకము, నవల, వీనికి దోడు చలనచిత్రము, ఇవి మాత్రమే గుణదోష విచారమునకు దగినవనియు, పిల్లలు తెరముందు గూర్చుండి మీటలు నొక్కుచు నాడుకొను నాట లట్టి గౌరవమునకు దగవనియు పెద్దలు తలంతురు. మేమును మొన్నమొన్నటివఱకు నట్లే తలంచితిమి. కాని మన యిండ్లలో పుస్తకము తెఱవబడు గంటలకంటె నీ తెరలు వెలుగు గంటలే యెక్కువైన యీ కాలమున, వానిని గూర్చి మంచివనియో చెడ్డవనియో యొక్క మాటతో దీర్పు చెప్పి యూరకుండుట విద్యావంతులకు దగిన పని కాదు. నాట్యశాస్త్రారంభమున దేవతలు బ్రహ్మను జేరి, కంటికిని చెవికిని విందగు నొక క్రీడావస్తువును బ్రసాదింపుమని కోరి రనియు, నాట్యవేద మట్లు పుట్టిన దనియు జెప్పబడియున్నది. అనగా మన పూర్వులు నాటకమును మొదట నాటవస్తువుగానే భావించిరి. నాటకము నాటవస్తు వగుటచే దానికి శాస్త్రము లేకపోలేదు. అట్లే యీ తెరమీది యాట యాటవస్తు వగుటచే దానికి విమర్శ యుండరాదనుటయు న్యాయము గాదు.

మే మీ విషయమున బ్రవేశించిన విధ మించుక చెప్పవలసియున్నది. గడచిన సంక్రాంతి సెలవులలో మా పూర్వవిద్యార్థి యొకడు మమ్ము తన యింటికి బిలిచెను. అతడు సైబరాబాదున నొక కంప్యూటరు సంస్థలో నుద్యోగి. గచ్చిబౌలిలో నొక పెద్ద మేడ పదునాలుగవ యంతస్తున గాపురము. 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీని అప్పటి ప్రధానమంత్రి వాజపేయిగారు సైబర్ టవర్సు భవనమును బ్రారంభించునాటికి రాతిగుట్టలతో నిండియుండిన యా ప్రాంతము నేడు అద్దపుగోడల మేడలతో నిండియున్నది. ఆ యింట బండ్రెండేండ్ల బాలిక గలదు. ఆమె మాకు నమస్కరించి, "మాస్టారుగారూ, నాతో ఫుట్‌బాలు ఆడతారా?" యని యడిగినది. మేము పంచె బిగించి కట్టుకొని, చెప్పులకొఱకు వాకిటివైపు నడచితిమి. ఆమె పక్కున నవ్వి, రెండు చిన్న పుల్లలును కొన్ని మీటలును గల కంట్రోలరును మా చేతికిచ్చి, తెరముందు గూర్చుండబెట్టినది. మొదటి యాటలో మే మేడు గోలుల తేడాతో నోడితిమి. ఆ వారమంతయు నాడియు, ఆమె యాడుచుండగా జూచియు, తరువాత ననేకపర్యాయములు వెళ్లియు మేము గ్రహించిన సంగతులే యీ వ్యాసమునకు మూలము.

ఆ యాటను వెలువరించునది ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అను అమెరికా సంస్థ. దీని శాఖ యొకటి మన హైదరాబాదునందును గలదు గావున, ఇది పూర్తిగా బరదేశపు వస్తు వని తోసివేయుటకు వీలులేదు. 1993వ సంవత్సరాంతమున 'ఫిఫా ఇంటర్నేషనల్ సాకర్' అను పేర నిది మొదట వెలువడెను. ఆ తొలికూర్పులో మైదానము మూలగా వాలియున్నట్లు కనబడుచుండెను. దేశముల పేర్లు నిజమైనవే గాని క్రీడాకారుల పేర్లు కల్పితములు. గోల్‌కీపరు బంతిని వదలునపుడు ఎదుటిజట్టువాడు పోయి యతని ముందు నిలిచినచో, బంతి వాని మేనికి దగిలి వెనుకకు బోయి గోలగుచుండె నని నాటి యాటగాండ్రు నేటికిని నవ్వుచు జెప్పుకొందురు. అటుపిమ్మట బ్రతిసంవత్సరము నొక క్రొత్తకూర్పు వెలువడుచు వచ్చినది. అంతర్జాతీయ ఫుట్‌బాలు సమాఖ్యతో నుండిన పేరుటొడంబడిక ముగియుటచే, 2022లో వచ్చిన 'ఫిఫా 23' ఆ పేరి కడపటిది. 2023 సెప్టెంబరు 29వ తేదీనుండి 'ఇఏ స్పోర్ట్స్ ఎఫ్‌సి' అను పేర నదే యాట సాగుచున్నది. పేరు మాఱినను వంశ మొక్కటియే గావున, మే మన్నిటిని నొక్క గ్రంథముయొక్క పలుకూర్పులుగానే యెంచి విచారింతుము.

ముందుగా గుణములు.

మొదటి గుణ మనుకరణశక్తి. 2021లో వచ్చిన కూర్పునకై యిరువదిరెండుగురు వృత్తిక్రీడాకారులకు చలనమును గ్రహించు దుస్తులు దొడిగి, నిజమైన యాటను బూర్తివేగముతో నాడించి, వారి యంగవిక్షేపములను గణితరూపమున నెక్కించుకొనిరి. 2023నాటి కూర్పునకు నూటయెనుబదికి మించిన నిజమైన పోటీలనుండి యట్టి చలనములను సేకరించిరి. ఈ శ్రమయొక్క ఫలము తెరమీద గనబడును. పరుగెత్తువాడు హఠాత్తుగా మలుపు తిరిగినపుడు దేహభారము నొక కాలినుండి వేఱొక కాలికి మార్చుకొనుట, దెబ్బ తగిలినవాడు క్రిందబడుచు జేతినానుట, బంతి రాకముందే రక్షకుడు భుజముతో జోటు సంపాదించుకొనుట, ఇవి చిత్రకారుని యూహచే గాక లోకమును జూచి వ్రాసిన స్వభావోక్తులు. అలంకారశాస్త్రమున స్వభావోక్తికి జోటున్నది గదా.

రెండవది బోధనాగుణము. మేము నాలుగు పదులు దాటువఱకు 'ఆఫ్‌సైడు' అను నిబంధనము మాకు దెలియలేదు. వార్తాపత్రికలలో జదివియు నర్థము చేసికొనలేకపోతిమి. ఆ బాలిక యాటను నడుమ నాపి, తెరమీద మాకు వరుసలను జూపి, మూడు నిమిషములలో దెలియజెప్పినది. అంతకంటె విలువైన మాట యొకటి కూడ నామెయే చెప్పినది: "బంతి ఎక్కడుందో చూస్తే ఓడిపోతారు, మాస్టారుగారూ. ఖాళీ ఎక్కడుందో చూడాలి." పదునొకండుగురిలో బంతి గలవా డొక్కడే, తక్కిన పదుగురు చేయు పనియే యాట. ఈ తత్త్వమును మైదానమున నిలిచిన పిల్లవాడు చూడలేడు, వాని కన్నులు నేలమట్టమున నుండును గనుక. తెరమీద మైదానమంతయు నెత్తునుండి కనబడును. వ్యూహమును మార్చిన నేమగునో, ముందునకు బంపిన రక్షకుని వెనుక నేర్పడు సందు ఎంత ప్రమాదకరమో తనంత దాను తెలిసికొనవచ్చును. వ్యాకరణమును జదివినంతమాత్రమున గవి గాజాలడు. కాని వ్యాకరణ మెఱిగినవాడు కావ్యమును జక్కగా జదువగలడు. ఈ యాట ఫుట్‌బాలునకు మంచి వ్యాకరణము.

మూడవగుణము మా పాఠకులకు విశేషముగా బ్రియమగునని తలంతుము. 2015లో వెలువడిన కూర్పున మొదటిసారిగా బండ్రెండు దేశముల స్త్రీల జట్లకు జోటు గలిగెను. 2022నాటి 'ఫిఫా 23'లో ఇంగ్లండు, ఫ్రాన్సు దేశముల మహిళాసంఘములు చేరెను. దాని యొక కూర్పు ముఖపత్రమున ఎంబాపె ప్రక్కన ఆస్ట్రేలియా క్రీడాకారిణి సామ్ కెర్ నిలిచినది. 2023నుండి స్వకల్పితమగు జట్టులో స్త్రీపురుషుల నొక్కవరుసను నిలుపుకొనవచ్చునని నియమము చేసిరి. ఇది ప్రకృతివిరుద్ధమని కొందఱాక్షేపించిరి. వారికి మా సమాధాన మిది: ఇచటి బలము దేహబలము గాదు, ఎవరి లీగున వారికి గల నైపుణ్యమును బట్టి యేర్పఱచిన సంకేతము. రంగమున రాజవేషము ధరించినవాని రక్తములో క్షత్రియత్వమును వెదకువారు లేరు. మా మిత్రుని కొమార్తె తన జట్టు ముందువరుసలో నిరువురు స్త్రీలను నిలిపి, వారి పేర్లు, దేశములు, వారాడు సంఘములు గడగడ జెప్పినపుడు, ఆడపిల్లకు బరుగేల యని యడిగిన తరము మాకు జ్ఞప్తికి వచ్చినది. ఆ ప్రశ్నకు బది యుపన్యాసములు చెప్పలేని జవా బీ యాట చెప్పుచున్నది.

నాలుగవది, మన యూరు తెరమీది కెక్కుట. 2021లో వెలువడిన 'ఫిఫా 22'లో ఇండియన్ సూపర్ లీగును జేర్చిరి. దానితో 2019లో నెలకొల్పబడిన హైదరాబాద్ ఎఫ్‌సి పసుపుపచ్చని దుస్తులతో నా తెరమీద బ్రత్యక్ష మయ్యెను. విచిత్ర మేమనగా నా కాలముననే నిజమైన జట్టును విజయమార్గమున నుండెను. 2022 మార్చి 20వ తేదీని గోవాలోని ఫతోర్దా మైదానమున గడపటిపోటీ జరిగినది. కేరళ బ్లాస్టర్సు ముందుగా గోలు చేయగా, ఆట ముగియుటకు రెండు నిమిషములుండగా సాహిల్ తవోరా దూరమునుండి కొట్టిన బంతితో నుభయులు సమాన మైరి. పెనాల్టీలలో గోల్‌కీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడింటి నాపెను. మన జట్టు 3-1 తేడాతో గప్పు గెలిచెను. ఆ సంవత్సరము కోవిడు కారణమున లీగంతయు గోవాలోనే జరిగినందున, గెలిచిన జట్టు నాఋతువున సొంతయూర నొక్కయాటయు నాడలేదు. కావున దమ యూరిజట్టును గచ్చిబౌలి మైదానమున జూడలేని పిల్లలకు ఆ యేడు తెరయే మైదాన మయ్యెను. ఇది చిన్న మేలు కాదు.

ఇక దోషములు.

మొదటిది, వేగమునకు నీయబడిన యధికారము. నిజమైన ఫుట్‌బాలున వేగ మొక గుణము మాత్రమే. బుద్ధిమంతుడగు మందగాముడు వేగవంతుని దారి మూసివేయగలడు. తెరమీది యాటలో, అందును దూరముననున్నవారితో నాడునప్పుడు, కాలివేగము గలవానిని సంపాదించి, బంతి నతని ముందునకు దోయుటయే చాలవఱకు రాజమార్గము. అందుచే నాటగాండ్రందఱు నొక్కవిధముగా నాడ నారంభింతురు. పాసుల సొగసునందు జపానుదేశపు కొనామి సంస్థవారి యాట దీనికంటె మేలని మెచ్చుకొన్నవారు చాలకాల ముండిరి. కాని యాసంస్థవారు 2021లో 'ఈఫుట్‌బాల్' అను పేర వెలువరించిన క్రొత్తకూర్పు తొలినాళ్లలో లోపములచే నవ్వులపాలయ్యెను. గట్టి ప్రత్యర్థి లేనివాని దోషములు తొందరగా దిద్దబడవు.

రెండవది యంతకంటె లోతైనది. ఈ యాట మనుష్యుని సంఖ్యగా జేయును. వేగము, గుఱి, పాసు, బంతిని నడపుట, రక్షణము, దేహదార్ఢ్యము, ఈ యాఱింటికిని నూటికి లోబడిన మార్కులిచ్చి, వాని సారముగా నొక్క మొత్తపు టంకెను నుదుట వ్రాయును. మార్కులు వేయుట మా వృత్తి గావున దాని సుఖదుఃఖములు మాకు దెలియును. ఈ యాటలో బ్రతిక్రీడాకారునకును 'బలహీనపాదము' అను నొక లెక్క గలదు. ఒకటి మొదలు ఐదు చుక్కలవఱకు నది యుండును. ఎడమకాలు చేతగానివానికి రెండు చుక్కలు వ్రాసి పంపుదురు. ఇచట మాకు మన హైదరాబాదువాడే యగు సయ్యద్ అబ్దుల్ రహీముగారు జ్ఞప్తికి వచ్చినారు. ఆయన మావలెనే బడిపంతులు. 1909లో జన్మించి, హైదరాబాదు సిటీపోలీసు జట్టును దిద్ది, 1950 మొదలు 1954 వఱకు వరుసగా నైదుసారులు రోవర్సు కప్పును గెలిపించెను. ఆయన శిక్షణమున భారతదేశము 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడలలో స్వర్ణపతకము నందెను. 1956 మెల్బోర్ను ఒలింపిక్సులో నాలుగవస్థానము నందెను. జకార్తా విజయమునకు మఱుసటియేడే, 1963 జూనులో నాయన పరమపదించెను. ఆ మహనీయుడు పిల్లలకు బలహీనపాదముతో మాత్రమే యాడవలసిన పోటీలను బెట్టుచుండెను. ఆయన దృష్టిలో బలహీనపాద మనునది దిద్దవలసిన యలవాటు. ఈ యాట దృష్టిలో నది చాలవఱకు నొసటివ్రాత.

నిష్పక్షపాతముగా జెప్పవలెనన్న, జట్టునాయకత్వమును జిరకాలము నడపు విభాగమున శిక్షణముచే నిట్టి లెక్కలు పెరుగుటకు వీలు కల్పించిరి. 2023నుండి కొందఱు క్రీడాకారుల మార్కులను క్రమక్రమముగా బెంచుకొను నేర్పాటును జేసిరి. ఈ దిద్దుబాట్లు మెచ్చదగినవే. అయినను నెక్కువమంది యాడు విభాగమున, ఉన్నవానిని దిద్దుకొనుటకంటె వానిని విడిచి యెక్కువమార్కులవానిని సంపాదించుటయే సులభమార్గముగా నున్నది. విద్యార్థికి నలువదిమార్కులు వచ్చినచో వానిని బంపివేసి తొంబదిమార్కుల వానిని దెచ్చుకొనుటయే మంచిపాఠశాల లక్షణమని తలంచువా రిప్పటికే లోకమున దక్కువగా లేరు. ఆ భావమునకు పిల్లల యాటయు దోడుపడుట మాకు సమ్మతము గాదు.

మూడవదోషము దేశకాలములకు సంబంధించినది. మన జట్లు తెరమీది కెక్కినవి గాని, మన గాలి యెక్కలేదు. వ్యాఖ్యానము తెలుగున లేదు. జనసమూహపు కేకలు గచ్చిబౌలివో గ్లాస్గోవో తెలియదు. గతకాలపు మహాక్రీడాకారుల పటములను బెట్టి వారిని బునర్జీవింపజేసిన విభాగమున బీలే, జిదాన్, క్రైఫ్ మున్నగువా రుండిరి గాని, సికింద్రాబాదు ప్రాంతమున బుట్టి మెల్బోర్నులోను జకార్తాలోను ఆడిన తులసీదాస్ బలరామ్ మాకు గనబడలేదు. ఆయన 2023 ఫిబ్రవరిలో గతించెను. స్త్రీల విషయమునను నిదే కొఱత. నిజామాబాదు జిల్లానుండి బయలుదేఱి, భారతజట్టునకు నాడి, 2022లో క్రొయేషియా దేశపు దినామో జాగ్రెబ్ సంఘమున జేరిన గుగులోతు సౌమ్య పేరు మా మిత్రుని కొమార్తె యంతవఱకు వినియుండలేదు. సామ్ కెర్ జన్మస్థాన మెఱిగిన పిల్లకు సౌమ్య యూరు తెలియకపోవుట పిల్ల తప్పు గాదు. తెర చూపినదానినే పిల్ల చూచును. చూపనిదానిని మనము చూపవలెను.

నాలుగవది మహాదోషము. కావ్యమున నెన్ని గుణములున్నను నొక్క దోషముచే నది యంతయు జెడు నవకాశ మున్నదని ఆలంకారికులు హెచ్చరించిరి. ఇచట నా దోషము పొట్లములు. 2009లో 'అల్టిమేట్ టీమ్' అను విభాగమును బ్రారంభించిరి. అందు క్రీడాకారులు చీట్లరూపమున నుందురు. చీట్లు మూసిన పొట్లములలో వచ్చును. లోపల నెవరున్నారో తెఱచువఱకు దెలియదు. ఆడి సంపాదించిన నాణెములతోగాని, నిజమైన రూపాయలు చెల్లించిగాని పొట్లములను గొనవచ్చును. తెఱచునప్పుడు చీకటి, బాణసంచా, మెఱుపులు. ఆపైన దఱచుగా సామాన్యుడే బయటికి వచ్చును. 2021 మార్చితో ముగిసిన సంవత్సరమున దన క్రీడాసంబంధమైన యాటలన్నిటిలోని యీ విభాగపు రాబడి నూటయఱువదిరెండు కోట్ల డాలర్లనియు, సంస్థ మొత్తపు టాదాయమున నది నూటికి ఇరువదితొమ్మిది పాళ్లనియు నాసంస్థయే ప్రకటించినది. ఆటను నాలుగైదువేల రూపాయలకు గొన్నపిమ్మట, ఆటలోపల మఱల నింత వ్యాపారము జరుగుచున్నదన్నమాట.

ఇది జూదమగునా కాదా యని పాశ్చాత్యదేశములలో వాదములు జరిగినవి. బెల్జియము దేశపు జూదనియంత్రణ సంఘ మిది జూదమేయని 2018లో నిర్ణయించెను. 2019 జనవరిలో నాదేశమున డబ్బునకు వీని యమ్మకము నిలిపివేయబడెను. నెదర్లాండ్సులో నధికారులు కోటి యూరోలవఱకు జరిమానా విధింపగా, 2022 మార్చిలో నచటి యున్నతన్యాయస్థానము దానిని గొట్టివేసెను. సంస్థవారి వాదమేమనగా: డబ్బు చెల్లింపకయే యాడవచ్చును, వచ్చిన చీటిని మరల డబ్బుగా మార్చుకొనుట నియమవిరుద్ధము, కావున నిది పిల్లలు కొను నాశ్చర్యపు బొమ్మలవంటిదే కాని జూదము కాదు.

ఈ వాదమును మేము శ్రద్ధతో విచారించితిమి. న్యాయస్థానపు నిర్వచనము వేఱు, గృహస్థుని నిర్వచనము వేఱు. గృహస్థుడు చూడవలసినవి మూడు: పణము, అదృష్టము, మరల మరల యత్నింపజేయు నాశ. ఈ మూడును గల దానిని మన భాషలో ద్యూత మందురు. గెలిచినది ధనము గాకపోవుట దోషమును దగ్గించునా, హెచ్చించునా? జూదరి కొకప్పుడైన ధనము తిరిగివచ్చును. పొట్లము తెఱచినవాని కది యెన్నడును రాదు. పైగా మఱుసటియేడు క్రొత్తకూర్పు రాగా బాతజట్టు పాతకూర్పుననే నిలిచిపోవును. ఋగ్వేదమునందే జూదరి పశ్చాత్తాపమును దెలుపు సూక్తమున్నది. భారతకథ సభాపర్వముననే మలుపు తిరిగినది. పాచికలయొక్క మోహము మనజాతికి గ్రొత్త కాదు. క్రొత్తయేమనగా, పాచికలను బండ్రెండేండ్లపిల్ల చేతికి, అదియు నిష్టదైవముల వంటి క్రీడాకారుల పటములతో నిచ్చుట.

2018నుండి పొట్లములందలి యవకాశముల శాతములను బ్రకటించుచున్నారు. ఇది మేలే. కాని యత్యుత్తములకు ఎదుట 'ఒక శాతముకంటె దక్కువ' యని మాత్రమే వ్రాయబడుట మేము చూచితిమి. ఒకటికంటె దక్కువ యన్నచో రెండువందల కొకటియు గావచ్చును, పదివేల కొకటియు గావచ్చును. ఏ గణితోపాధ్యాయుడును నిట్టి జవాబునకు మార్కులు వేయడు. 2020నుండి ఆడుకాలమునకును ఖర్చునకును హద్దులు పెట్టుకొను సాధనమును గూడ జేర్చిరి. దాని యునికి పెక్కురు తండ్రులకు దెలియదు.

మన చట్టముల సంగతి. తెలంగాణములో 2017లోనే యంతర్జాలమున డబ్బు పెట్టి యాడు జూదమును నిషేధించిరి. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బుపందెపు టాటలను దేశమంతట నిషేధించి, నైపుణ్యముతో నాడు పోటీయాటలను బ్రోత్సహించు చట్టము నామోదించినది. డబ్బునకు డబ్బు నాశించు నాటలపై నా చట్టముయొక్క దృష్టి ప్రధానముగా బ్రసరించినది. మూసిన పొట్లమున నాశింపబడునది డబ్బు గాదు, పటము. కావున నీ విషయమున గృహస్థుడు చట్టముకొఱకు వేచియుండక తానే న్యాయాధిపతి గావలెను.

మా పూర్వవిద్యార్థి చేసిన యేర్పాటు మాకు నచ్చినది. అతడు నిషేధింపలేదు, యథేచ్ఛగా విడువలేదు. ఆడి సంపాదించిన నాణెములతో వచ్చు పొట్లములనే తెఱువవలెను. రూపాయతో నొక్కటియు గొనరాదు. తెఱచిన ప్రతిపొట్లమును నొక చిన్న నోటుపుస్తకమున వ్రాయవలెను. ఆ పుస్తకమును మేము చూచితిమి. నూటపదునాలుగు పొట్లములు, వానిలో నామె నిజముగా గోరినవారు వచ్చినవి రెండు. "ఇది కొనుక్కొని ఉంటే ఎంతయ్యేదో లెక్క కట్టాను, మాస్టారుగారూ. నాన్నకు చెప్పలేదు," అని నవ్వినది. ఆ లెక్క కట్టిన నాటినుండి కొనిపెట్టుమని యడుగుట మానినదట. నిషేధమున నేర్చుకొనలేని దానిని లెక్కవలన నేర్చుకొనినది.

కడపటి దోషమును మేము సంస్థమీద మోపజాలము, అది మనది. ఆ బాలిక యొద్ద నిటీవలి కూర్పుతోబాటు పాత 'ఫిఫా 22' కూడ నున్నది. దాని నేల దాచితివని యడిగితిమి. "ఇందులో మన హైదరాబాదు ఉంది," అన్నది. వారి వసారాలో నిలిచిన గచ్చిబౌలిలోని జి.ఎం.సి. బాలయోగి క్రీడాప్రాంగణపు దీపస్తంభములు కనబడును. 2002లో జాతీయక్రీడలకును, 2003లో ఆఫ్రో-ఆసియా క్రీడలకును వేదికయైన మైదాన మది. 2024 సెప్టెంబరులో భారతజట్టు సిరియా, మారిషసు జట్లతో నచటనే యాడినది. హైదరాబాద్ ఎఫ్‌సికి సొంతమైదాన మదియే యై యుండెను. కప్పు గెలిచిన రెండేండ్లలోనే యా జట్టు జీతముల చిక్కులలో బడి, 2023-24లో లీగు పట్టికలో నట్టడుగున నిలిచెను, యాజమాన్యము మాఱెను, 2025లో జట్టు ఢిల్లీకి దరలి పేరు గూడ మార్చుకొనెను. రహీముగారి నగరమున, ఇన్ని యద్దపుమేడల నడుమ, ఒక ఫుట్‌బాలుజట్టును నిలుపుకొనుటకు మనకు జేతగాలేదు. పసుపుపచ్చని యా దుస్తులిప్పుడు పాతకూర్పు తెరమీదనే కాలుమోపుచున్నవి. "తెరమీద ఉన్న జట్టు మైదానంలో ఎందుకు లేదు?" అని యామె యడిగినపుడు మా కుత్తరము తోపలేదు.

మే మిరువదియేండ్లకు మించి బోధించుచున్న యుపాధ్యాయులము. మేము పనిచేయు పాఠశాల పేరు చెప్పము. దానికి మూడంతస్తులును, ప్రయోగశాలయు, కంప్యూటర్ల గదియు నున్నవి. ఆటస్థలము మాత్రము వాహనములు నిలుపుకొను నావరణమే. పిల్లలు తెరలకు దాసులైరని ప్రతి సభయందును వగచు పెద్దలలో మేమును నొకరము. కాని పిల్లలు తెరయొద్దకు బోవుటకు ముందు మైదానము వారియొద్దనుండి వెళ్లిపోయినది. ఈ క్రమమును మఱచి తెరను దూషించుట న్యాయము గాదు.

కావున మా యభిప్రాయమును సంగ్రహముగా మనవి చేసెదము. అనుకరణమున నీ యాట యుత్తమము, బోధనమున మంచిది, స్త్రీల కిచ్చిన చోటుచే మెచ్చదగినది. వేగమోహము, సంఖ్యామోహము దీనికి గల మధ్యమదోషములు, దిద్దుకొనదగినవి. పొట్లముల వ్యాపారము మహాదోషము. అది తొలగువఱకు దీనిని తలిదండ్రుల యెఱుక లేకుండ బిల్లలచేతి కీయరాదు. ఇంట నున్నచో హద్దులసాధనమును వాడుకొనవలెను, లెక్కపుస్తకము నుంచవలెను, వారమున కొకమాఱైనను పెద్దలు ప్రక్కన గూర్చుండి యాడవలెను. ఓడిపోవుదుమని సిగ్గుపడనక్కఱలేదు, మేము నేటికిని నోడుచునే యున్నాము.

చివరిసారి వెళ్లినపుడు, సాయంకాలమున మేడక్రింది సిమెంటు చప్టామీద నా బాలికయు, మఱి నలుగురు పిల్లలును నిజమైన బంతితో నాడుచుండిరి. కావలివాడు రెండుమాఱులు వచ్చి కారులకు దగులునని హెచ్చరించెను. ఆమె మమ్ము బిలిచి బంతిని మావైపు దన్నినది. మేము కుడికాలితో దన్నబోగా, "మాస్టారుగారూ, ఎడమకాలితో!" అని కేకవేసినది. రహీముగారి కథ మేము చెప్పినదే, ఆమె మఱువలేదు. ఎడమకాలితోనే తన్నితిమి. బంతి పోవలసినచోటికి బోలేదు. మేము వారమున కొక్కమాఱు పోయి యభ్యసించుచున్నాము. అట్టి చప్టా యైనను లేని వీధులు మన నగరమున నెన్నియో గలవు. పాఠకమహాశయులు తమతమ పేటలలో నొక్క మైదానమునకై పాటుపడుదురేని, ఈ విమర్శ వ్రాసిన ఫలము మాకు దక్కినట్లే భావింతుము.